రాష్ట్రపతిని ఎన్నుకోవడంలో న్యాయం ఏది?

(హాయిల్‌లో తెలుగు కుటుంబాల సాంస్కృతికోత్సవంలో చేసిన ప్రసంగ పాఠం)



పాటలూ పద్యాలూ నాట్యాలూ ఉన్న ఈ సభలో ఎన్నికల మాట ఎత్తడం పాయసంలో మిరియాలు వేసినట్టు ఉంటుందేమో! అయినా నిర్వాహకులు అడిగారు గనుక నాలుగు మాటలు మనవి చేస్తాను. మన పిల్లల్లో చాలామంది స్వదేశాన్ని సెలవుల్లో తప్ప చూడనివారు. ఈ సంచిక చదివే వారిలో అమెరికాలో, మారిషస్‌లో, సింగపూరులో, దక్షిణాఫ్రికాలో రెండో తరం, నాలుగో తరం తెలుగువారు కూడా ఉంటారు. ఒక్కొక్కరు ఒక్కొక్క రకమైన అధ్యక్షుని కింద జీవిస్తున్నారు. కొందరు స్వయంగా ఓటు వేసి ఎన్నుకుంటారు, కొందరి తరఫున చట్టసభ ఎన్నుకుంటుంది. మనమేమో హాతిమ్ తాయ్ దాతృత్వానికి పేరుపడిన ఈ హాయిల్ నేలమీద, రాజరికం ఉన్న దేశంలో, అతిథులుగా బతుకుతున్నాం. "మన దేశంలో రాష్ట్రపతికి అమ్మా నాన్నా ఓటెందుకు వేయరు?" అని పిల్లవాడు అడిగితే చెప్పవలసిన బాధ్యత మాత్రం మనదే. పైగా ఆ ప్రశ్నకు జవాబులో మన తెలుగువారి పాలు తక్కువేమీ కాదు.

మొట్టమొదట తేల్చుకోవలసింది ఒకటుంది. ఎలా ఎన్నుకోవాలి అనే ముందు, ఎందుకు ఎన్నుకుంటున్నాం అని అడగాలి. పెళ్లికి పెద్దను ఎన్నుకునే పద్ధతి వేరు, పడవకు సరంగును ఎన్నుకునే పద్ధతి వేరు. పెద్దమనిషి అందరికీ సమ్మతమైనవాడు కావాలి. సరంగు పడవ నడపగలవాడు కావాలి. అమెరికా అధ్యక్షుడు సరంగు, భారత రాష్ట్రపతి పెద్దమనిషి. ఈ తేడా మరచి రెండు పద్ధతులనూ ఒకే త్రాసులో తూచబోతే న్యాయం దొరకదు.

మన రాజ్యాంగ పరిషత్తులో ఈ చర్చ చాలా గట్టిగానే జరిగింది. వయోజనులందరూ నేరుగా ఓటువేసి రాష్ట్రపతిని ఎన్నుకోవాలని ప్రొఫెసర్ కె.టి. షా వంటివారు వాదించారు. ప్రజాస్వామ్యం అన్నాక అత్యున్నత పదవికి ప్రజల ఓటే ఆధారం కావాలన్నది వారి వాదం. దాన్ని తేలిగ్గా తీసేయడానికి లేదు. కాని 1947 జులైలోనే నెహ్రూ దీనికి సమాధానం చెప్పారు. అసలు అధికారం మంత్రివర్గానిది, చట్టసభది అని మనం నిర్ణయించుకున్నాం. దేశమంతా ఓట్లు వేయించి ఒక మనిషిని గెలిపించి, చివరికి అతని చేతిలో అధికారం పెట్టకపోతే అది పొసగని పని అన్నారు. నిజమే గదా! కోట్లమంది ఓట్లతో గెలిచినవాడు, "నన్ను దేశమంతా ఎన్నుకున్నది, ప్రధానమంత్రిని ఒక్క నియోజకవర్గం ఎన్నుకున్నది, నేనెందుకు అతని మాట వినాలి?" అంటే ఏం చెబుతాం? ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు.

సరే, ప్రజలు నేరుగా కాకపోతే పార్లమెంటు ఎన్నుకోవచ్చు గదా అన్నారు. అదీ చాలదన్నారు. పార్లమెంటులో ఒకే పార్టీకి మెజారిటీ ఉంటే రాష్ట్రపతి కూడా ఆ పార్టీ మనిషే అవుతాడు. అందుకని రాష్ట్రాల శాసనసభలనూ కలిపారు. పార్లమెంటు ఉభయ సభల్లోనూ, రాష్ట్ర శాసనసభల్లోనూ ఎన్నికైన సభ్యులంతా కలిసి ఒక ఎన్నికల గణం. 1992లో చేసిన రాజ్యాంగ సవరణ వల్ల ఢిల్లీ, పుదుచ్చేరి శాసనసభలకు కూడా ఇందులో చోటు దక్కింది. నామినేటెడ్ సభ్యులకు ఓటు లేదు. శాసనమండలి సభ్యులకూ లేదు. ఉపరాష్ట్రపతి సంగతి వేరు. ఆయన రాజ్యసభకు అధ్యక్షత వహిస్తాడు గనుక ఆయనను పార్లమెంటు సభ్యులే ఎన్నుకుంటారు. 2017లో మన వెంకయ్యనాయుడుగారు 516 ఓట్లతో గెలిచిందీ, 2025లో మన జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డిగారు 300 ఓట్లు తెచ్చుకొని 452 ఓట్లు వచ్చిన సి.పి. రాధాకృష్ణన్‌గారి చేతిలో ఓడిందీ ఆ పద్ధతిలోనే. రాష్ట్రపతి మాత్రం కేంద్రానికే కాదు, రాష్ట్రాలకూ పెద్ద. కాబట్టి రాష్ట్రాలకు ఆ ఎన్నికలో చెయ్యి ఉండాలి.

ఇక్కడ పిల్లలు కొంచెం శ్రద్ధగా వినాలి. లెక్కల మాస్టారి పాఠం ఇది. సిక్కింలో 32 మంది శాసనసభ్యులు, ఉత్తరప్రదేశ్‌లో 403 మంది. కాని ఉత్తరప్రదేశ్ సభ్యుడు సిక్కిం సభ్యుడికంటే ఎన్నోరెట్లు ఎక్కువ జనానికి ప్రతినిధి. ఇద్దరి ఓటూ సమానమైతే ఎట్లా? అందుకని ఒక సూత్రం పెట్టారు. రాష్ట్ర జనాభాను శాసనసభ్యుల సంఖ్యతో భాగించి, వచ్చినదాన్ని మళ్లీ వెయ్యితో భాగించాలి. అదే ఆ సభ్యుడి ఓటు విలువ. ఆ లెక్కన ఆంధ్రప్రదేశ్ శాసనసభ్యుడి ఓటు విలువ 159, తెలంగాణ సభ్యుడిది 132, ఉత్తరప్రదేశ్ సభ్యుడిది 208, సిక్కిం సభ్యుడిది 7. ఆంధ్రప్రదేశ్‌లో 175 మంది కలిసి 27,825. తెలంగాణలో 119 మంది కలిసి 15,708. ఇలా దేశంలోని శాసనసభ్యులందరి ఓట్ల విలువనూ కూడి, ఎన్నికైన పార్లమెంటు సభ్యుల సంఖ్యతో భాగిస్తే ఒక ఎంపీ ఓటు విలువ వస్తుంది. 2022 ఎన్నికలో అది 700. అంటే త్రాసులో ఒక పళ్లెం పార్లమెంటుది, ఇంకొక పళ్లెం రాష్ట్రాలది. రెండూ సరితూగాలి. ఎవరు ఆలోచించారో కాని, ఇది పాత కిరాణా కొట్టు త్రాసంత సూటిగా ఉంది.

ఈ సూత్రంలో ఒక కిటుకుంది, దాన్ని గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికివస్తుంది. శాసనసభ్యుల సంఖ్యతో భాగించి, మళ్లీ అంతమందినీ కూడుతున్నాం. కాబట్టి ఒక రాష్ట్రం తన శాసనసభ్యుల సంఖ్యను పెంచుకున్నా తగ్గించుకున్నా ఆ రాష్ట్రం మొత్తం బలం ఇంచుమించు మారదు. ఆ బలాన్ని నిర్ణయించేది జనాభా ఒక్కటే.

ఓట్ల విలువ తెలిసింది. ఇక గెలుపు సంగతి. మన సంఘానికి అధ్యక్షుణ్ణి ఎన్నుకోవాలనుకుందాం. నూరుమంది సభ్యులం. ముగ్గురు పోటీ చేశారు. ఒకాయనకు 40, రెండో ఆయనకు 35, మూడో ఆయనకు 25 ఓట్లు వచ్చాయి. మామూలు పద్ధతిలో 40 వచ్చినాయన అధ్యక్షుడు. కాని అరవైమంది ఆయనను కోరలేదే! వారిలో చాలామందికి ఆయనంటే బొత్తిగా గిట్టకపోవచ్చు. ఇప్పుడు ఓటు కాగితం మీద ఒకటి, రెండు, మూడు అని వరస అంకెలు వేయమన్నామనుకోండి. మూడో ఆయనను పోటీలోంచి తీసేసి, ఆయన 25 కాగితాల మీద రెండు అంకె ఎవరికుందో చూస్తాం. అందులో 19 రెండో ఆయనకు, 6 మొదటి ఆయనకు ఉంటే లెక్క 54, 46గా మారుతుంది. రెండో ఆయన గెలిచారు. ఇందులో మోసం లేదు. "నేను కోరినవాడు రాకపోతే, ఫలానావాడైనా రావాలి" అన్న మాటను కూడా లెక్కపెట్టడమే ఇది. పెద్దరికానికి కావలసింది సమ్మతి అయితే, ఈ పద్ధతి ఆ సమ్మతిని కొలుస్తుంది. మన రాష్ట్రపతి ఎన్నికలో ఉన్నది ఇదే. చెల్లిన ఓట్లలో సగానికి మించి రావాలి.

2022 వరకు జరిగిన రాష్ట్రపతి ఎన్నికలన్నింటిలో రెండో ప్రాధాన్య ఓట్లు లెక్కించవలసి వచ్చింది ఒక్కసారే. ఆ ఒక్కసారీ పోటీలో ముఖ్యులైన ముగ్గురిలో ఇద్దరు తెలుగువారు! ఆ కథ పిల్లలకు తెలియాలి.

1969 మే 3న రాష్ట్రపతి డాక్టర్ జాకిర్ హుస్సేన్‌గారు పదవిలో ఉండగానే కన్నుమూశారు. ఉపరాష్ట్రపతి వి.వి. గిరిగారు తాత్కాలికంగా ఆ బాధ్యత చేపట్టారు. బరంపురంలో పుట్టిన తెలుగువారు, కార్మిక నాయకులు. కాంగ్రెసు పార్లమెంటరీ బోర్డు తమ అభ్యర్థిగా నీలం సంజీవరెడ్డిగారిని నిర్ణయించింది. అనంతపురం జిల్లా ఇల్లూరు వారు, 1956లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్‌కు తొలి ముఖ్యమంత్రి, అప్పటికి లోక్‌సభ స్పీకరు. ప్రధానమంత్రి ఇందిరాగాంధీకి ఈ ఎంపిక ఇష్టం లేదు. గిరిగారు రాజీనామా ఇచ్చి స్వతంత్ర అభ్యర్థిగా నిలబడ్డారు. రాష్ట్రపతి, ఉపరాష్ట్రపతి పదవులు రెండూ ఖాళీ అయ్యేసరికి సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి హిదయతుల్లాగారు రాష్ట్రపతి బాధ్యత చూడవలసి వచ్చింది. స్వతంత్ర, జనసంఘ్ పార్టీలు సి.డి. దేశ్‌ముఖ్‌గారిని నిలబెట్టాయి.

సంజీవరెడ్డిగారి నామినేషను మీద ఇందిరాగాంధీ సంతకం ఉంది. అయినా పోలింగు దగ్గరపడ్డాక "అంతరాత్మ ప్రబోధం ప్రకారం ఓటు వేయండి" అన్న పిలుపు వచ్చింది. కాంగ్రెసు అధ్యక్షులు నిజలింగప్పగారేమో స్వతంత్ర, జనసంఘ్ నాయకులతో మాట్లాడి, వారి సభ్యుల రెండో ప్రాధాన్యం సంజీవరెడ్డిగారికి ఇమ్మని కోరారు. ఆగస్టు 16న ఓటింగు జరిగింది. 20న లెక్కింపు.

మొదటి లెక్కలో గిరిగారికి 4,01,515, సంజీవరెడ్డిగారికి 3,13,548, దేశ్‌ముఖ్‌గారికి 1,12,769. మొత్తం చెల్లిన ఓట్ల విలువ 8,36,337. గెలవడానికి కావలసింది 4,18,169. గిరిగారికి ఇంకా 16,654 తక్కువ. చిన్న అభ్యర్థులను, చివరికి దేశ్‌ముఖ్‌గారిని తప్పించి వారి ఓట్లు పంచారు. అందులో 91,879 సంజీవరెడ్డిగారికి వెళ్లాయి. గిరిగారికి వచ్చినవి 18,562 మాత్రమే. అయినా గట్టెక్కడానికి అవి చాలాయి. చివరి లెక్క 4,20,077, 4,05,427. కావలసినదాని మీద మిగులు 1,908! రెండో ప్రాధాన్యం వేయక ఎవరికీ చెందకుండా పోయిన ఓట్ల విలువ 10,833. అవన్నీ సంజీవరెడ్డిగారికే పడి ఉన్నా 4,16,260 అయ్యేవి, గిరిగారే గెలిచేవారు. అంటే ఫలితంలో సందేహానికి తావులేదు.

ఈ ఎన్నిక న్యాయమైనదేనా? ఆనాడు దేశమంతా ఈ వాదం జరిగింది. సొంత పార్టీ అభ్యర్థిని ఓడించడం ద్రోహం అన్నారు ఒక పక్షం. రహస్య ఓటు ఇచ్చిందే మనస్సాక్షి కోసం అన్నారు మరొక పక్షం. ఆ నవంబరులోనే కాంగ్రెసు రెండుగా చీలిపోయింది. ఎన్నిక చెల్లదని కొందరు సుప్రీంకోర్టుకు వెళ్లారు. రాష్ట్రపతి పదవిలో ఉన్న గిరిగారు స్వయంగా కోర్టుకు వచ్చి సాక్ష్యం చెప్పారు. 1970లో పిటిషన్లు కొట్టేశారు. నా మట్టుకు నాకు ఆ తీర్పుకంటే ఆ సాక్ష్యమే గొప్పగా కనిపిస్తుంది. దేశంలో అందరికంటే పైన ఉన్న మనిషి, "నా గెలుపు సరైనదో కాదో విచారించండి" అని బోనెక్కాడు. ఎన్నిక పద్ధతికి గౌరవం వచ్చేది ఇటువంటి సందర్భాల్లోనే.

ఓడినవారి సంగతి కూడా చెప్పాలి. సంజీవరెడ్డిగారు రాజకీయాలు వదిలి వ్యవసాయం చేసుకున్నారు. 1975లో తిరిగి వచ్చారు. 1977 లోక్‌సభ ఎన్నికల్లో ఆంధ్రప్రదేశ్‌లోని 42 స్థానాల్లో 41 కాంగ్రెసు గెలిస్తే, నంద్యాల నుంచి జనతా తరఫున గెలిచినవారు ఆయన ఒక్కరే. ఆ ఏడాదే రాష్ట్రపతి ఎన్నికకు 37 మంది నామినేషన్లు వేస్తే 36 చెల్లలేదు. పోటీ లేకుండా ఎన్నికైన రాష్ట్రపతి ఆయన. 2022 వరకు మరొకరికి ఆ గౌరవం దక్కలేదు. ఎనిమిదేళ్ల క్రితం దేశాన్ని రెండు చేసిన పేరు, ఎనిమిదేళ్ల తర్వాత ఎదురులేని పేరయింది. ఓడినవాడు బతికి, మళ్లీ గెలవడానికి వీలున్న పద్ధతిలో న్యాయం ఉందని నేనంటాను.

ఆ 36 నామినేషన్లు చెల్లకపోవడం మాత్రం ఆలోచించవలసిన విషయం. మొదట్లో ఒకరు ప్రతిపాదిస్తే, ఒకరు బలపరిస్తే చాలు, ఎవరైనా పోటీ చేయవచ్చు. 1967లో 17 మంది నిలబడ్డారు. ఆ ఎన్నికలో జాకిర్ హుస్సేన్‌గారి మీద పోటీ చేసి 3,63,971 ఓట్లు తెచ్చుకున్న ప్రముఖుడు మన రాజమహేంద్రవరంలో పుట్టిన కోకా సుబ్బారావుగారు, సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి పదవి వదులుకొని వచ్చినవారు. కొందరు మాత్రం ఒక్క ఓటు రాదని తెలిసీ సరదాకు నిలబడేవారు. 1974లో చట్టం మార్చి పదిమంది ప్రతిపాదకులు, పదిమంది బలపరిచేవారు ఉండాలన్నారు. 1997లో దాన్ని యాభై, యాభై చేసి, ధరావతు 15,000 రూపాయలు చేశారు. ఆకతాయిలను ఆపడం అవసరమే. కాని తలుపు మరీ ఇరుకైతే, పెద్ద పార్టీల ఆశీస్సు లేని మనిషి లోపలికి రాగలడా అన్న ప్రశ్న మిగులుతుంది. సామాన్యుడు వెళ్లలేని తలుపుకు ఎంత అందమైన తోరణం కట్టినా ఏం లాభం?

ఇక ఇతర దేశాలు ఎలా చేస్తున్నాయో చూద్దాం. అమెరికాలో మన పిల్లలు చాలామంది పౌరులు. అక్కడ ఓటు ప్రజలు వేస్తారు, గెలుపును మాత్రం రాష్ట్రాలవారీగా పంచిన 538 ఎలక్టర్ల ఓట్లు తేలుస్తాయి. ఒక రాష్ట్రంలో ఒక్క ఓటు ఎక్కువ వచ్చినా దాదాపు అన్ని రాష్ట్రాల్లోనూ ఆ రాష్ట్రం ఓట్లన్నీ ఒకరికే. అందుకే 2000లో ఆల్ గోర్‌కు దేశం మొత్తం మీద 5 లక్షలకు పైగా ఓట్లు ఎక్కువ వచ్చినా, ఫ్లోరిడాలో 537 ఓట్ల తేడాతో బుష్ అధ్యక్షుడయ్యారు. 2016లో హిల్లరీ క్లింటన్‌కు 28 లక్షలకు పైగా ఎక్కువ వచ్చినా ట్రంప్ గెలిచారు. సరంగును ఎన్నుకునే చోట ఎక్కువమంది కోరినవాడు ఓడిపోవడం మింగుడుపడని సంగతి. అయినా చిన్న రాష్ట్రాలు ఆ పద్ధతిని వదులుకోవడానికి ఇష్టపడవు.

ఫ్రాన్సులో రెండు విడతలు. మొదటి విడతలో ఎవరికీ సగం దాటకపోతే మొదటి ఇద్దరి మధ్య మళ్లీ పోటీ. బాగానే ఉంది. కాని 2002లో ఒక చిక్కు వచ్చింది. చాలామంది అభ్యర్థుల మధ్య ఓట్లు చీలిపోయి, ప్రధానమంత్రి జోస్పాన్ ఒక్క శాతం కంటే తక్కువ తేడాతో మూడో స్థానానికి జారిపోయారు. రెండో విడతలో షిరాక్‌కు 82 శాతం వచ్చింది. అది ఆయన మీద అంత ప్రేమా అంటే కాదు, ఎదుటివాడు వద్దన్న పట్టుదల. మన పొరుగునున్న శ్రీలంకలో మళ్లీ పోలింగుకు పిలవకుండా, ఓటరే ఒకటి, రెండు, మూడు వేయవచ్చు. 1982 నుంచి ఎన్నికలు జరుగుతున్నా 2024లో మొదటిసారి రెండో లెక్క అవసరమైంది. మొదటి లెక్కలో 42 శాతం ఉన్న అనుర కుమార దిసనాయకే చివరికి గెలిచారు. మనం 1969లో చూసినదే అక్కడ కోటిమందికి పైగా ఓటర్ల స్థాయిలో జరిగింది.

సింగపూరులో రాష్ట్రపతికి పెద్ద అధికారాలు లేకపోయినా 1993 నుంచి ప్రజలే ఎన్నుకుంటున్నారు. 2023లో ధర్మన్ షణ్ముగరత్నం 70 శాతానికి పైగా ఓట్లతో గెలిచారు. అయితే అక్కడ ఆ పదవికి దేశపు నిలవ ధనాన్ని కాపాడే తాళంచెవి ఒకటి ఇచ్చారు, అభ్యర్థుల అర్హతలూ కఠినం. మారిషస్ 1992లో రిపబ్లిక్ అయినప్పటి నుంచి అక్కడి అధ్యక్షుణ్ణి చట్టసభ ఎన్నుకుంటుంది. మన తెలుగువారు నాలుగైదు తరాలుగా ఉన్న ఆ దేశంలో ఓట్లు సేకరించే అధ్యక్ష ప్రచారం లేదు. ఇదీ ఒక పద్ధతే. ఏ దేశానికి ఆ దేశం తన అవసరాన్ని బట్టి చొక్కా కుట్టించుకుంది. పక్కవాడి చొక్కా బాగుందని మనం తొడుక్కుంటే భుజాల దగ్గర పట్టేస్తుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఇందాక గుర్తుపెట్టుకోమన్న కిటుకు ఇక్కడ పనికివస్తుంది. రాష్ట్రం బలాన్ని నిర్ణయించేది జనాభా అన్నాను. ఏ ఏటి జనాభా? 1971 నాటిది! యాభై ఏళ్లు దాటినా ఇంకా ఆ లెక్కే. 1976లో 42వ సవరణ దాన్ని అక్కడ నిలిపింది. కుటుంబ నియంత్రణ పాటించిన రాష్ట్రాలకు నష్టం రాకూడదన్నదే ఉద్దేశం. 84వ సవరణ ఆ గడువును 2026 తర్వాత జరిగే మొదటి జనాభా లెక్కల దాకా పొడిగించింది. 2027 మార్చి 1 తేదీకి జనాభా లెక్కలు తీస్తామని 2025లో ప్రకటన వచ్చింది. కాబట్టి ఈ ప్రశ్న మన గుమ్మం ముందుకు వచ్చినట్టే.

తేడా ఎంత? 1971లో కేరళ జనాభా 2 కోట్ల 13 లక్షలు, రాజస్థాన్ 2 కోట్ల 58 లక్షలు. ఇంచుమించు అన్నదమ్ములు. 2011కు కేరళ 3 కోట్ల 34 లక్షలు, రాజస్థాన్ 6 కోట్ల 85 లక్షలు. ఒకరికి రెండింతలు ఇంకొకరు. మన సంగతి చూడండి. శాసనసభ్యుల ఓట్ల మొత్తంలో తెలుగు రాష్ట్రాలు రెంటికీ కలిపి 2022లో నూటికి 8 పాళ్లు ఉంది. 2011 లెక్కలు వేస్తే అది 7 అవుతుంది. ఉత్తరప్రదేశ్ సభ్యుడి ఓటు విలువ 208 నుంచి 496 అవుతుంది, ఆంధ్రప్రదేశ్ సభ్యుడిది 159 నుంచి 282 దగ్గర ఆగుతుంది.

ఇందులో న్యాయం ఎవరిది? ఒక పక్షం చెప్పేది వినండి. "మనిషి మనిషే. రాజస్థాన్‌లో పుట్టిన బిడ్డ లెక్కకు రాకూడదా? తాతల నాటి తలల లెక్కతో మనుమల దేశాన్ని ఎన్నాళ్లు తూస్తారు?" ఇది బలమైన మాట. రెండో పక్షం చెప్పేది ఇది. "దేశం చెప్పిన మాట విని, ఇద్దరు పిల్లలతో సరిపెట్టుకొని, ఆడపిల్లలను చదివించి, ఆసుపత్రులు పెట్టుకున్నాం. మాట విన్నందుకు మా గొంతు తగ్గిస్తారా? అయితే మాట వినడం తప్పా?" ఇదీ బలమైన మాటే. మన ఇళ్లలో చూడండి. మన అమ్మమ్మలకు ఆరుగురో ఏడుగురో సంతానం. ఈ హాలులో కూర్చున్న మన ఇంటింటికీ ఒకరు, ఇద్దరు. ఆ మార్పు మనం చేసుకున్నదే.

నా అభిప్రాయం చెబుతాను, మీరు ఒప్పుకోనక్కరలేదు. మొదట వేసుకున్న ప్రశ్నకే తిరిగి వెళ్లాలి. ఈ పదవి ఎందుకు? ప్రభుత్వాన్ని నడిపేది లోక్‌సభ. అక్కడ తలల లెక్క న్యాయం, దాన్ని ఎల్లకాలం ఆపి ఉంచలేం. రాజస్థాన్ బిడ్డకు అక్కడ పూర్తి లెక్క దక్కాలి. రాష్ట్రపతి ప్రభుత్వం నడపడు. ఆయన కేంద్రానికీ రాష్ట్రాలకూ మధ్య పెద్దమనిషి. త్రాసులో పార్లమెంటు పళ్లెం ఎలాగూ కొత్త జనాభాతో బరువు మార్చుకుంటుంది. రెండో పళ్లెం, అంటే రాష్ట్రాల పళ్లెం, ఇప్పుడున్న పాళ్లలోనే ఉంచితే నష్టమేమిటి? ఒక పళ్లెంలో మనుషులు, ఒక పళ్లెంలో ఇచ్చిన మాట. రెండూ తూగితేనే పెద్దమనిషికి రెండు వైపులా మర్యాద. దీనికి రాజ్యాంగ సవరణ కావాలి, రాష్ట్రాల సమ్మతి కావాలి, ఉత్తరాది సోదరులను ఒప్పించాలి. కోపంతో అది జరగదు. లెక్క చూపించి, నచ్చజెప్పి చేయవలసిన పని.

ఎంత మంచి సూత్రమైనా ఒక్కటి లేకపోతే వట్టిదే. అది రహస్య ఓటు. రాష్ట్రపతి ఎన్నికలో పార్టీలు విప్ జారీ చేయడానికి లేదు. శాసనసభ్యుడు పరదా చాటున ఒంటరిగా నిలబడి అంకెలు వేస్తాడు. ఆ ఒక్క నిమిషం అతనికి పార్టీ లేదు, నాయకుడు లేడు. ఆ నిమిషాన్ని 1969లో కొందరు దుర్వినియోగం అన్నారు, కొందరు సద్వినియోగం అన్నారు. ఏమైనా ఆ నిమిషం ఉండాలి. అది లేకపోతే ఎన్నిక అనేది ముందే రాసిపెట్టుకున్న హాజరుపట్టీ.

మరి హాయిల్‌లో ఉన్న మనకు ఇందులో ఏం చెయ్యి ఉంది అంటారా? భారత పౌరసత్వం ఉన్నవారందరికీ ఉంది. 2010లో చట్టం సవరించి, విదేశాల్లో ఉన్న పౌరులు పాస్‌పోర్టులోని స్వగ్రామపు చిరునామా మీద ఓటరుగా నమోదు కావడానికి వీలు కల్పించారు. కాకపోతే ఓటు వేయడానికి స్వయంగా ఊరికి వెళ్లాలి. అసెంబ్లీ ఎన్నికకు సెలవు పెట్టి వెళ్లడం ఎంత కష్టమో మనందరికీ తెలుసు. అయినా ముందు పేరు నమోదు చేయించుకోండి. మీరు ఎన్నుకున్న శాసనసభ్యుడి చేతిలో 159 గానీ, 132 గానీ ఉంది. అది ఆయన సొంతం కాదు, మీరు అప్పగించింది. జనాభా లెక్కల మాట వచ్చినప్పుడు, ఆయన ఎటు మాట్లాడుతున్నాడో అడిగే హక్కు మీకుంది.

పౌరసత్వం మారిన కుటుంబాల పిల్లలకు ఒక మాట. మీ దేశం ఏదైనా, అక్కడి అధ్యక్షుడి ఎన్నికను మూడు ప్రశ్నలతో పరీక్షించండి. ఆ పదవి పడవ నడపడానికా, పెద్దరికానికా? గెలిచినవాడికి సగంమందికి పైగా సమ్మతి ఉందా? ఓడినవాడు తలెత్తుకొని ఇంటికి వెళ్లి, మళ్లీ రాగలడా? మూడింటికీ జవాబు దొరికితే, ఆ పద్ధతికి ఏ పేరున్నా అందులో న్యాయం ఉన్నట్టే. డాక్టర్ రాధాకృష్ణన్‌గారు, గిరిగారు, సంజీవరెడ్డిగారు — తెలుగు ఇళ్లలో పుట్టిన ముగ్గురు ఆ పీఠం మీద కూర్చున్నారు. మనం గర్వపడవలసిందే. ఆ పీఠానికి వారిని చేర్చిన పద్ధతిని అర్థం చేసుకొని కాపాడుకోవడం అంతకంటే పెద్ద బాధ్యత.

చివరిగా సంఘ పెద్దలకు ఒక చిన్న విన్నపం. ఈసారి మన కార్యవర్గం ఎన్నికలో చేతులెత్తమనే బదులు కాగితాలు పంచండి. ముగ్గురు పోటీలో ఉంటే ఒకటి, రెండు, మూడు వేయించండి. లెక్క పిల్లల చేత చేయించండి, కోటా వారికే కట్టమనండి. పుస్తకం చదివితే వారం రోజులు పట్టే పాఠం, అరగంటలో వారి చేతికి వస్తుంది. రేపు వారు ఏ దేశంలో ఓటు వేసినా ఆ పాఠం వారి వెంట ఉంటుంది.